పటాలపు లారీ, మన్యపు బాట

యుద్ధము ముగిసిన మఱునాడు ప్రభుత్వమునకు రెండు చిక్కులు ఎదురగును. సైనికులను ఇండ్లకు పంపుట మొదటిది. సామగ్రిని వదిలించుకొనుట రెండవది. పూర్వపు రాజులకు రెండవ చిక్కు అంతగా లేకుండెను. ఏనుగులు గజశాలలకు, గుఱ్ఱములు లాయములకు మరలెడివి. కత్తులు, ఈటెలు ఆయుధాగారమున పడియుండెడివి. 20వ శతాబ్దపు యుద్ధము కాళ్లపై నడువక చక్రములపై నడచెను. నిలిచిన చక్రము మేత అడుగదు నిజమే. కాని ఎండకు ఎండి, వానకు తడిసి, దినదినమునకు దాని వెల తగ్గుచుండును. కావున అమ్మవలెను, త్వరగా అమ్మవలెను. ఎవరికి అమ్మవలెను, ఏ ధరకు అమ్మవలెను, కొన్నవాడు దానితో ఏమి చేయును అను ప్రశ్నలు ఆ వెంటనే పుట్టును.

ఈ ప్రశ్నలను ఖమ్మము, భద్రాచలముల నడుమ గల అడవి సరిహద్దున నిలిచి పరిశీలింప దలచితిని. ఢిల్లీ, మదరాసు నగరములలో లారీ అనేక సాధనములలో ఒకటి. అడవి అంచున అది యొక శక్తి. దాని రాకతో దూరములు మారును, కూలి మారును, చెట్టు వెల మారును. పటాలములు విడిచిన పాత లారీ అమ్మకపు చరిత్రను తెలిసికొనుటకు ఇంతకంటె అనువైన చోటు అరుదు.

మొదట ఆ సీమ స్వరూపమును చూతము. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఖమ్మము, మధిర, ఇల్లెందు, పాల్వంచ, బూర్గంపహాడు ప్రాంతములు నిజాము రాజ్యమున వరంగల్లు జిల్లాలో చేరియుండెను. గోదావరి కావలి గట్టున నున్న భద్రాచలము మదరాసు రాజధానిలోనిది. 1860లో నిజాము ఆ భాగమును ఆంగ్లేయులకు వదలుకొనెను. అది కొంతకాలము మధ్యపరగణాల పాలనలో నుండి, 1874లో మదరాసు రాజధానికి చెందిన గోదావరి జిల్లాలో కలిసెను. కాగా ఒకే అడవి, ఒకే కోయజనము, ఒకే నది ఉండగా, ప్రభుత్వములు మాత్రము రెండు. ఈ గట్టున నిజాము హాలీ సిక్కా, ఆ గట్టున ఆంగ్లేయుల కల్దారు రూపాయి. నదిపై వంతెన లేదు. రామదర్శనమునకు పోవు యాత్రికుడైనను, కలప బేరగాడైనను పడవ నెక్కవలసినదే.

ఆ సీమలో ఇనుపబాట లేకపోలేదు. 1870 ప్రాంతములలో భూగర్భశాస్త్రజ్ఞుడగు విలియం కింగ్ ఇల్లెందు సమీపమున రాక్షసిబొగ్గును కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ వారు దానిని త్రవ్వు హక్కును పొందిరి. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడెను. బొగ్గు కొఱకు డోర్నకల్లు నుండి రైలు వచ్చెను. పిదప గనులు కొత్తగూడెము చేరగా రైలును అచ్చటికి చేరెను. కొత్తగూడెము స్టేషనునకు 'భద్రాచలం రోడ్' అను పేరు పెట్టిరి. అనగా రైలు చేసిన సాయమంతయు రోడ్డు చూపుటయే. భద్రాచలము ఇంకను ఇరువది అయిదు మైళ్ల దూరమున, నది కావల నిలిచియుండెను.

ఇనుపబాట చేరని చోటులకు ఎడ్లబండియు, తెప్పయు దిక్కు. అడవిలో నరికిన దుంగలను బండ్లపై గోదావరి ఒడ్డునకు చేర్చి, తెప్పలుగా కట్టి, ప్రవాహమున రాజమహేంద్రవరమునకు దింపుట పూర్వాచారము. ఈ పనిని ఎవరు చేయుచుండిరో, ఏ స్థితిలో చేయుచుండిరో 1941లో ఆ కొండలలో తిరిగిన మానవశాస్త్రజ్ఞుడు హైమన్‌డార్ఫ్ వ్రాసిపెట్టెను. ఆయన ఆస్ట్రియా దేశీయుడు. యుద్ధము వచ్చుటచే నిజాము రాజ్యమున నిలిచిపోయి, గోదావరి తీరపు కొండరెడ్లను గూర్చి 1945లో ఒక గ్రంథమును ప్రకటించెను. కలప, వెదురు వర్తకులు కొండవారికి అప్పులిచ్చి, ఆ అప్పు తీరకుండ లెక్కలు నడపి, వారిచే ఏండ్ల తరబడి చెట్లు కొట్టించు పద్ధతిని ఆయన అందు బయలుపఱచెను. ఆ నివేదికల పిమ్మట నిజాము ప్రభుత్వము గిరిజన ప్రాంతముల రక్షణకు 1356 ఫసలీలో, అనగా 1946 నాటికి, ఒక శాసనమును తెచ్చెను. ఈ సంగతిని మనసున నుంచుకొనవలెను. లారీ ఈ అడవిలో ప్రవేశించునాటికి అచ్చట శూన్యము లేదు. అప్పుతో బిగించిన యొక వ్యాపారము ముందే యుండెను.

ఇక లారీ కథ. 1939లో యుద్ధము మొదలగునాటికి మన దేశమున లారీని సమగ్రముగా తయారుచేయు కర్మాగార మొక్కటియు లేదు. జనరల్ మోటార్స్ వారు 1928 నుండి బొంబాయిలోను, ఫోర్డు వారు మదరాసు, బొంబాయి, కలకత్తాలలోను విదేశముల నుండి వచ్చిన భాగములను కూర్చి బండ్లను దింపుచుండిరి. 1941 మార్చి 11వ తేదీన అమెరికాలో లెండ్-లీజు శాసనము అమలునకు వచ్చినది. జపాను బర్మాను ఆక్రమించిన పిదప మన దేశము తూర్పు రంగమునకు వెనుక కోట అయ్యెను. ఓడలనుండి వేలకొలది లారీలు దిగినవి. అస్సాములోని లీడో నుండి చైనా చేరు బాటపై మొదటి లారీల వరుస 1945 ఫిబ్రవరి 4న కున్మింగు చేరినది. ఆ వరుసలలో పేరుమోసినది జీ.ఎం.సీ. వారి రెండున్నర టన్నుల లారీ. యుద్ధకాలమున ఆ రకము ఐదు లక్షలకు పైగా తయారయినవి. కెనడా దేశము ఎనిమిది లక్షలకు పైగా సైనిక వాహనములను చేసి పంపినది. అందు ఫోర్డు, షెవర్లె లారీలు ముఖ్యమైనవి.

సైన్యమునకు లారీలు వచ్చుచుండగా ప్రజలకు లారీలు కరవయ్యెను. 1941 నుండి పెట్రోలు కొలత ప్రకారము ఇయ్యబడెను. 1942లో మలయా జపాను వశము కాగా రబ్బరు రాక తగ్గి, టైరు బంగారమయ్యెను. మన ఊళ్లలో బస్సుల వెనుక పెద్ద పొయ్యిని కట్టి, కట్టెబొగ్గును మండించి, ఆ వాయువుతో ఇంజనును నడపిరి. ఉదయమున బస్సు కదలవలెనన్న క్లీనరు చాలసేపు పంకా త్రిప్పవలెను. మిట్ట వచ్చినచో ప్రయాణికులు దిగి త్రోయవలెను. ఇట్లు ఐదారేండ్లు గడచిన పిదప, దేశమందలి ప్రతి మోటారు యజమాని కన్నును సైనికుల డిపోలపై పడుటలో వింత యేమున్నది?

యుద్ధము 1945 ఆగస్టున ముగిసెను. మిగిలిన సామగ్రిని అమ్ముటకు భారత ప్రభుత్వము డిస్పోజల్సు శాఖను నడపెను. జనులు 'డిస్పోజల్సు' అను ఆ మాటనే తెలుగు చేసికొని, డిస్పోజల్ బూట్లు, డిస్పోజల్ దుప్పట్లు, డిస్పోజల్ లారీ అని వాడుకొనిరి. అమెరికా వారి సామగ్రి సంగతి వేఱుగా తేలవలసియుండెను. తిరిగి ఓడలకెక్కించుట వారికి నష్టము. ఇచ్చట వదలిపోవుటకు లెక్క తేలవలెను. 1946 మేలో అమెరికాకును భారతదేశమునకును ఒడంబడిక కుదిరి, లెండ్-లీజు పద్దులు పరిష్కారమై, ఇచ్చట నిలిచిన అమెరికా సామగ్రి భారత ప్రభుత్వపు చేతికి వచ్చెను. దానిని అమ్మి సొమ్ము చేసికొను భారము మన శాఖపై పడెను. బెంగాలు నందలి పానాగఢ్, మదరాసు చేరువ నున్న ఆవడి మొదలగు యుద్ధకాలపు డిపోలు ఆ నాటి సామగ్రి రాసులకు ప్రసిద్ధములు.

ఈ అమ్మకము ఒక్క మన దేశముననే జరిగినది కాదు. ఫిలిప్పీను దీవులలో అమెరికా వారు విడిచిన జీపులను పొడిగించి, రంగులు వేసి, ప్రజలు బస్సులుగా మార్చుకొనిరి. 'జీప్నీ' అను పేరుతో అవి ఆ దేశపు గుర్తే యయ్యెను. మన దేశమున 1945లో స్థాపితమైన మహీంద్రా వారి సంస్థ విల్లీస్ జీపులను కూర్చుటతో మోటారు పరిశ్రమలో కాలుపెట్టెను. యుద్ధపు బండి శాంతికాలపు బండికి గురువగుట అనేక దేశముల అనుభవము.

అయితే డిస్పోజల్ లారీని కొన్నవానికి సుఖమే కలిగెనని తలపరాదు. అది యుద్ధమునకు పుట్టిన బండి; యుద్ధమున పెట్రోలు ఖర్చును ఎవరును లెక్కింపరు. రెండున్నర టన్నుల జీ.ఎం.సీ. లారీకి మూడు ఇరుసులు, పది టైర్లు. మూడు ఇరుసులకును ఇంజను బలము అందును. బురదలో, ఇసుకలో దానికి సాటి లేదు. కాని పది టైర్లను కొనవలసిన సామాన్య యజమానికి రబ్బరు కరవు రోజులలో ఆ గొప్పతనమే గుదిబండ. పైగా అమెరికా లారీకి చోదకచక్రము ఎడమవైపున నుండును; మన రోడ్డు పద్ధతికి కుడివైపున నుండవలెను. ఎదుటి బండిని దాటునపుడు డ్రైవరునకు దారి కనబడదు. క్లీనరు తల బయట పెట్టి చెప్పవలసివచ్చును. కెనడా లారీలు కుడి చోదకమువి. అందును షెవర్లె లారీ ఇంజను, యుద్ధమునకు ముందు మన ఊళ్లలో తిరిగిన మామూలు షెవర్లె ఇంజను వంటిదే; కనుక విడిభాగములు దొరకెడివి. ఇట్టి సూక్ష్మములు తెలిసిన మేస్త్రీని వెంటబెట్టుకొని పోయినవాడు బాగుపడెను. పెయింటు చూచి పాట పాడినవాడు చెడెను.

మఱియొక భ్రమ కలదు. రెండున్నర టన్నులు అను మాట త్రోవలేని నేలపై మోయదగిన బరువునకు చెప్పిన లెక్క. మంచి రోడ్డుపై అది అంతకు రెట్టింపు మోయగలదు. ఈ సంగతి తెలిసిన యజమానులు రోడ్డున్నను లేకున్నను రెట్టింపే ఎక్కించిరి. కమాను పట్టీలు విరిగినవి, ఇరుసులు తెగినవి. సైన్యము వెంట మరమ్మతు దళము నడచును. అడవిలో ఒంటరి లారీ వెంట ఎవరు నడతురు?

ఇచ్చట మరమ్మతు లారీని గూర్చి చెప్పవలెను. యుద్ధమున లారీలు పెరిగిన కొలది వాటిని బాగుచేయువారి అవసరము పెరిగెను. భారత సైన్యమున విద్యుద్యంత్ర శాఖ 1943లో వేఱు దళముగా ఏర్పడినది. ఆ శాఖ వారి శిక్షణ కళాశాల నేటికిని మన సికింద్రాబాదుననే యున్నది. ఆ దళము వారి లారీ సరకు మోయదు, పనిముట్లను మోయును. దాని పెట్టెలో చిన్న లేతు యంత్రము, రంపపు బల్ల, అతుకువేయు సాధనము, గాలి కొట్టు యంత్రము, బరువు లేపు గిలక మొదలగునవి అమర్చియుండును. ఆగిన బండియొద్దకు కర్మశాలయే నడచి వచ్చును. యుద్ధానంతరమున ఇట్టి లారీ అమ్మకమునకు వచ్చినపుడు తెలివిగల కొనుగోలుదారు దాని చక్రముల కంటె పెట్టెలోని పనిముట్లనే ముందుగా చూడవలసియుండును. పనిముట్లను ఊడదీసికొని ఉత్త డొల్లను అమ్ముట, లేక జాబితాలో నున్నవి బండిలో లేకపోవుట ఇట్టి వేలములలో కొనువాడు ఎపుడును భయపడవలసిన విషయము. సరకు లారీ చెడినచో ఒక్క యజమానికి నష్టము. మరమ్మతు లారీ మంచిదైనచో పది లారీలు బ్రతుకును. కొత్తగూడెమునకు ఆవల, ఇనుము కాచు కొలిమి తప్ప మరియొక కర్మశాల లేని అడవిదారిలో దాని వెల ఎంతయో ఊహింపవచ్చును.

ఇప్పుడు గోదావరి ఈవలి గట్టువాడు లారీ కొనుటలో గల లెక్కను విప్పి చూతము. ఉదాహరణకు మదరాసు వైపున ఒక లారీ ఆరు వేల కల్దారు రూపాయలకు దొరకినదని యనుకొందము. నిజాము రాజ్యపు వర్తకునియొద్ద నున్నవి హాలీ సిక్కాలు. నూఱు కల్దార్లకు సుమారు నూటపదియాఱు హాలీ రూపాయల పది యణాలు చెల్లవలెను. అనగా ఆరు వేలకు ఏడు వేలు. ఎల్ల దాటునపుడు కరోడ్‌గిరి శాఖ వారికి సుంకము చెల్లింపవలెను. ఆంగ్లేయ ఇండియాలో 1939 నాటి మోటారు వాహనముల శాసనము; నిజాము రాజ్యమున వేఱు నిబంధనలు. అక్కడి అనుమతిపత్రము ఇక్కడ చెల్లదు. భద్రాచలము రేవున వంతెన లేనందున లారీని నది దాటించుట మరియొక ప్రయాస. ఇన్నియు కలిపి చూచినచో వేలములో పలికిన ధర అసలు ధర కాదు; అది ధరలో మొదటి మెట్టు మాత్రమే. పాత సామాను బేరమున ఈ పాఠము ఇప్పటికిని మారలేదు.

ఈ రాజ్యమున మోటారు రవాణాకు ఇంకొక విశేషము కలదు. 1932 జూనులో నిజాము రైల్వే వారు 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రభుత్వ రోడ్డు రవాణా శాఖను స్థాపించిరి. ప్రయాణికుల బస్సు ఈ విధముగా ప్రభుత్వపు చేతిలోనికి పోవుచుండగా, ప్రైవేటు మోటారు యజమానికి సరకు రవాణాయే విశాలమైన దారియై మిగిలెను. అడవి యంచున సరకు అనగా కలప, వెదురు, తునికాకు, బొగ్గు.

లారీ వచ్చినచో అడవికి ఏమగును? ఎడ్లబండి కాలమున నదికి దగ్గరగా నున్న చెట్టుకే వెల. నాలుగైదు మైళ్లు లోపల నున్న టేకు మాను ఎంత గొప్పదైనను, దానిని లాగు ఖర్చు దాని వెలను మ్రింగివేయును. అందుచే అది బ్రతికెను. దూరమే దానికి కంచె. మూడు ఇరుసుల లారీ ఆ కంచెను దాటెను. వాగులో దిగి గట్టెక్కగల బండి చేతిలో నుండగా లోపలి కూపు సయితము గుత్తేదారునకు గిట్టుబాటగును. తెప్ప వరద తీయువఱకు ఆగవలెను. లారీకి వానకాలము తప్ప మిగిలిన రోజులన్నియు పనిదినములే. రాజమహేంద్రవరము వైపు ఒకే దారిగా ప్రవహించిన కలప, రైలుస్టేషను వైపును మరలుటకు వీలు కలిగెను.

కూలివాని సంగతి యేమి? దుంగలను ఒడ్డునకు లాగు శ్రమ కొంత తగ్గినమాట నిజమే. కాని బండి తోలువాని కూలియు అంతటితో తగ్గెను. ఎద్దులు గలవాడు పేదవాడైనను తన బండికి తానే యజమాని; లారీకి యజమాని దూరపు పట్టణమున నుండును. అప్పు పుస్తకము మాత్రము అడవిలోనే యుండెను. యంత్రము వచ్చినంతనే దోపిడి తొలగునను నమ్మకము నాగరకులలో కలదు. ఈ సీమ చరిత్ర దానిని బలపఱచదు. అప్పు పద్ధతిని అడ్డుకొనదగినది శాసనమును, దాని అమలునే గాని లారీ కాదు.

పటాలపు లారీకి మరియొక ముఖమును ఈ సీమ చూచెను. 1947 నవంబరు 29న నిజామునకును భారత ప్రభుత్వమునకును యథాతథపు టొడంబడిక జరిగినను, మఱుసటి యేడు సంబంధములు చెడి, రాజ్యపు ఎల్లలయందు సరకుల రాకకు అడ్డంకులు కలిగెను. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యము హైదరాబాదు రాజ్యమున ప్రవేశించెను. ఒక దళము బెజవాడ వైపునుండి నడచెను. 17వ తేదీన నిజాము లొంగిపోయెను. 1946లో పెచ్చుపెరిగి 1951 వఱకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటపు చివరి దశలో దళములు గోదావరి అడవులలో తలదాచుకొనగా, వారిని వెదకుటకు సైన్యమును ఆ బాటలనే పట్టెను. కోయపల్లెలు కొన్నిటిని ఖాళీచేయించి, జనులను బాట ప్రక్కల శిబిరములకు చేర్చిరి. అడవివానికి బాట అనగా ఏమో ఇందుచే తెలియును. అదే బాటపై వైద్యుడు వచ్చును, వర్తకుడు వచ్చును, సైనికుడును వచ్చును. ఎవరు ముందు వత్తురో అడవివాడు నిర్ణయింపలేడు.

ఇంతవఱకు చెప్పిన లారీలు చాలవఱకు పెట్రోలువి. డీజిలు ఇంజను అప్పటికి క్రొత్తది కాదు. జర్మనీ దేశపు రుడాల్ఫ్ డీజిల్ 1897లో తన ఇంజనును జయప్రదముగా నడపెను. 1924లో అదే దేశపు మాన్ కంపెనీ వారు బెర్లిను ప్రదర్శనలో డీజిలు లారీని చూపిరి. నిప్పురవ్వ అక్కరలేక, ఒత్తిడి వేడిమిచేతనే నూనె మండుట దానిలోని రహస్యము. తక్కువ నూనెతో ఎక్కువ పని చేయును. నెమ్మదిగా తిరుగుచు బరువును లాగును. నూనె పెట్రోలువలె వెంటనే అంటుకొనదు. కొండదారికి, కలప మోతకు ఇంతకంటె తగిన యంత్రము లేదు. అయినను యుద్ధమున అమెరికా సైన్యము అన్ని బండ్లకు ఒకే నూనె యుండవలెనను ఉద్దేశముతో లారీలకు ఎక్కువగా పెట్రోలునే ఎన్నుకొనెను. ట్యాంకులను మోయు పెద్ద బండ్లు కొన్ని మాత్రము డీజిలువి.

మన దేశమున డీజిలు లారీ ప్రబలినది స్వాతంత్ర్యానంతరము. 1945లో స్థాపితమైన టాటా వారి సంస్థ జర్మనీ బెంజి కంపెనీతో చేరి 1954లో జంషెడ్‌పురమున లారీలను దింపెను. సైన్యమునకై మాన్ కంపెనీ సహకారముతో 1959లో జబల్పురమున 'శక్తిమాన్' లారీ తయారయ్యెను. నాలుగు చక్రములకు బలమందు ఈ బండి నాలుగు దశాబ్దములు భారత సైన్యపు బరువులను మోసెను. 1924లో బెర్లినులో డీజిలు లారీని చూపిన కంపెనీ విద్యయే ఇట్లు మన సైనిక డిపోలకు, అచ్చటినుండి వేలము ద్వారా మన పల్లెలకు చేరినది. తరువాత ఆ స్థానమును అశోక్ లేలాండ్ వారి స్టాలియన్ లారీ ఆక్రమించెను.

అమ్మకపు పద్ధతి కాలానుగుణముగా మారినది. ప్రభుత్వపు కొనుగోళ్లు, అమ్మకములు రెంటిని చూచిన సరఫరా, డిస్పోజల్సు డైరెక్టరేటు 2017 అక్టోబరు 31న మూతపడినది. 1964లో ఏర్పడిన ఎం.ఎస్.టీ.సీ. అను ప్రభుత్వ సంస్థ నేడు ఇట్టి వేలములను కంప్యూటరుపై నడపుచున్నది. సైన్యము తన వాహనమును పరీక్షించి, ఇక పనికిరాదని తేల్చిన పిదప దానిని జాబితాలో చేర్చుదురు. కొనదలచినవాడు ధరావతు చెల్లించి, నిర్ణీత దినములలో డిపోకు పోయి బండిని చూడవలెను. పాట గెలిచినచో గడువులోపల సొమ్ము కట్టి బండిని తరలించుకొని పోవలెను. ఉన్నచోట ఉన్నట్టుగా అమ్మబడును అను షరతు నాడును కలదు, నేడును కలదు. తరువాత ఇంజను కదలకున్నచో అమ్మినవారు పూచీపడరు. ఆ షరతు అన్యాయమని కొందఱందురు. కాని చూచుటకు నిజముగా అవకాశమిచ్చి, జాబితాను నిజాయితీగా వ్రాసినచో అది న్యాయమే. జాబితా అబద్ధమైనచో అదియే మోసమునకు కవచమగును.

సైనిక వాహనమునకు సంఖ్యపలకపై పైకి చూచు బాణపు గుర్తుండును. దాని ప్రక్కనున్న రెండంకెలు బండి చేరిన సంవత్సరమును తెలుపును. బేరగాడు చెప్పు వయస్సుకంటె ఆ రెండంకెలను నమ్ముట మేలు. కొన్న పిదప ఆ బాణమును తొలగించి పౌరవాహనముగా నమోదు చేయించుకొనవలెను. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనల ప్రకారము 20వ నమూనాలో దరఖాస్తు, దానితో సైన్యాధికారులు 21వ నమూనాలో ఇచ్చిన అసలు విక్రయపత్రము ఉండవలెను. ఈ పత్రము లేని లారీ ఎంత బలమైనదైనను రోడ్డెక్కరాదు. చేతులు మారి మారి వచ్చిన బండ్లకు ఈ పత్రము లేకపోవుటయే పేద యజమాని మూలధనమును ముంచు మడుగు. అమ్మువాడు మొదట చూపవలసినది ఇంజను కాదు, కాగితము.

సరిహద్దును మారెను. నిజాము రాజ్యము పోయెను. హాలీ సిక్కా 1959లో చెలామణి మానెను. ఆ ఏడే భద్రాచలము ఖమ్మము జిల్లాలో చేరి, రెండు గట్టులు ఒక్క పాలనలోనికి వచ్చెను. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు భద్రాచలపు వంతెనను ప్రారంభించిరి. 1970ల దశాబ్దిలో సారపాకలో కాగితపు మిల్లు వెలసి, వెదురునకు, కలపకు క్రొత్త గిరాకి కల్పించెను. 2014లో రాష్ట్ర విభజన జరిగి, పోలవరము కారణముగా నదీతీర మండలములు ఆంధ్రప్రదేశమున చేరగా, భద్రాచలము పట్టణము తెలంగాణలో నిలిచెను. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా ఏర్పడెను. ఇట్లు ఒకప్పుడు నది వెంబడి నున్న ఎల్ల చెరగి, మరియొక ఎల్ల పట్టణపు పొలిమేరలో వెలసినది. లారీ డ్రైవరు జేబులోని పత్రములు మరల రెండు ప్రభుత్వములకు సమాధానము చెప్పవలసియున్నది.

పాత లారీ వ్యాపారమునకు ఇప్పుడు మరియొక మలుపు వచ్చినది. వాహనములను తుక్కుచేయు కేంద్రములకు 2021లో నిబంధనలు వెలువడెను. 2023 ఏప్రిల్ 1 నుండి 15 ఏండ్లు దాటిన ప్రభుత్వ వాహనముల నమోదు కొనసాగుట లేదు. దేశరక్షణ కార్యములకు ప్రత్యేకముగా వాడు వాహనములకు మాత్రము మినహాయింపు కలదు. పొగకు, ప్రమాదమునకు ఇది మందే. కాని ముప్పది యేండ్ల శక్తిమానును విప్పి, తుడిచి, మరల కట్టి, అడవిదారిలో మరి పదియేండ్లు నడపిన మేస్త్రీల విద్యకు ఇది అంత్యకాలము. ఆ విద్య పుస్తకములలో లేదు; చేతులలో నున్నది.

ఈ చరిత్రలో మనము నేర్వదగినది యేమి? మిగులు లారీ అనునది ప్రజల సొమ్ము. 1943లో బెంగాలు కరవున లక్షలమంది మరణించిన కాలముననే ఈ దేశము ఆ యుద్ధపు భారమును మోసినది. కావున అట్టి సామగ్రిని అమ్మునపుడు ఉన్న లోపమును ఉన్నట్టు చెప్పుట, చిన్నవానికిని పాటలో చోటిచ్చుట, కాగితములను సక్రమముగా ఇచ్చుట ప్రభుత్వపు ధర్మము. కొనువాని ధర్మము వేఱు. లారీ వెలను, టైర్ల వెలను, నూనె వెలను అతడు లెక్కింపగలడు. దాని చక్రము క్రింద దగ్గరయైన చెట్టు వెలను, ఆ చెట్టు కొట్టినవాని అప్పును ఏ వేలపు జాబితాయు వ్రాయలేదు. భద్రాచలపు అడవి ఎనుబదియేండ్లుగా ఆ వ్రాయని పద్దునే చెల్లించుచున్నది.